‘డిఫెక్ట్’ అన్న మాట మీద, కథ పంపిన తమ్మునికి

తమ్మీ,

కథ చదివిన. పుట్టపాకల నూలుకు రబ్బరు కట్లు కట్టే ముసలమ్మ బాగ కుదిరింది. పుస్తకం ఎట్ల వెయ్యాలె, ముందుమాట ఎవరితోని రాయించుకోవాలె అని అడిగినవు, ఆ ముచ్చట ఇప్పుడొద్దు. నన్ను కూసోబెట్టి ఈ ఉత్తరం రాయించింది ‘డిఫెక్ట్’ అన్న మాట. చీరెకు డిఫెక్ట్, మామ కాళ్లకు బర్త్ డిఫెక్ట్, మొగుని అనుమానానికి క్యారెక్టర్ డిఫెక్ట్. మూడింటి మీద ఒకటే ముద్ర గుద్దినవు.

ముందు మామ సంగతి. నల్గొండ జిల్లా మర్రిగూడ మనిషి, చిన్నప్పటి నుంచి బోరునీళ్లే తాగిండని నువ్వే రాసినవు. గ్రహణం మొర్రి, గుండెల రంధ్రం లాంటివి తల్లి కడుపుల ఉన్నప్పుడే ఏర్పడుతయి కాబట్టి వాటిని బర్త్ డిఫెక్ట్ అంటరు. మామది అది కాదు. రాతిల ఉన్న ఫ్లోరైడ్ భూమిలోపలి నీళ్లల్ల కరుగుతది. తాగే నీళ్లల్ల అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు. దాటిన నీళ్లు ఏండ్లకేండ్లు తాగితే ఎముకల పేరుకపోతది. పిల్లలకైతే మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకునేటట్టు కాళ్లు వంగుతయి. పెద్దలకు వెన్ను బిగుసుకపోతది. వెనుక నుంచి పిలిస్తే మెడ తిప్పలేడు, మనిషే మొత్తం తిరుగుతడు. నీ కథల మామ ఎవరు పిలిచినా చటుక్కున తల తిప్పి చూస్తుండు! బర్త్ డిఫెక్ట్ అని రాసిన్నాడే తప్పు నీళ్ల మీది నుంచి తీసి ఆయన్ని కన్నతల్లి మీద పెట్టినవు.

కోడలి పండ్ల మీద గోధుమరంగు చారలు కూడా కొట్టెయ్యి. ఆమె పెండ్లయినంక ఖమ్మం నుంచి వచ్చింది. ఆ చారలు పిల్లప్పుడు, చిగురు లోపల పన్ను పైపొర తయారయ్యేటప్పుడు పడుతయి. పెద్దయినంక ఎన్ని నీళ్లు తాగినా పండ్ల మీద కొత్తగ రావు, కీళ్లు మాత్రం నొస్తయి. అత్త నవ్వితే చారలు, కోడలు నవ్వితే తెల్లటి పండ్లు, ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు. ఆ ఒక్కటి సరిగ పెట్టినా కోడలు ఎక్కడినుంచి వచ్చిందో నువ్వు వేరే చెప్పే పనిలేదు.

ఇగ చీరె. అది ఇకత్, అంటే నూలుకు ముందే కట్లు కట్టి రంగులద్ది, అటెన్క నేసేది. పువ్వు అంచులు చెదిరినయని సేటు కూలి కోసిండని రాసినవు. ఏ సేటూ అట్ల కొయ్యడు. కట్టు కింద రంగు కొద్దిగ పాకుతది, నేసేటప్పుడు పోగు వెంట్రుకంత జరుగుతది. అంచు ఈకల లెక్క చెదరకపోతే అది ఇకత్ కాదు, అచ్చు గుద్దిన నకలు. నకలును వెనుకకు తిప్పితే రంగు వెలవెలబోతది, అసలుది రెండు దిక్కులా ఒకే తీరుగ ఉంటది. సేటు దేనికి కోస్తడో విను: పోగు తెగి ముడి పైకి తేలితే, ఎరుపు తెలుపులకు దిగితే, పడుగు మీది పువ్వు పేక మీది పువ్వుతోని కలవకపోతే, మగ్గం ఆగిన గీత పడితే. ఈ గీత నీకు అక్కరకొస్తది. నాలుగు రోజులు మగ్గం ఆపితే పడుగు బిగువు మారుతది. మళ్ల మొదలుపెట్టినప్పుడు తొలి పేకలు తక్కినవాటి తీరుగ పడవు, చీరె మీద అడ్డంగ సన్నని చార కనబడుతది. నీ కథానాయకుడు పెండ్లాన్ని దవాఖానల చేర్పించిన రోజులు ఉండనే ఉండె కదా! ఆ చార మీద వేలు పెట్టి సేటుతోని “డిఫెక్ట్” అనిపియ్యి. ఆ మాట ఆయన నోట్లె సరిగ్గ సరిపోతది, ఎందుకంటే అది కొలతకు తక్కువపడ్డ సరుకును పక్కకు తీసే మాట. కథ చెప్పే గొంతు మాత్రం దాన్ని ముట్టొద్దు. చీరె అంగట్లకు పోయినంక చినిగితే, మరక పడితే అది డ్యామేజి. దానికి నేసినోడు జవాబుదారు కాదు.

మొగుని అనుమానం ఇంకో తీరు. ఇంగ్లీషుల దానికి ‘ఫ్లా’ దగ్గరి మాట. తక్కినదంతా గట్టిగ ఉన్న దాంట్లె, లోపల ఉండే పగులు. వజ్రాన్ని పదిరెట్లు పెద్దగ చూపే భూతద్దం కింద పెట్టి, అప్పుడు గూడ ఏమీ కనబడకపోతేనే ‘ఫ్లాలెస్’ అంటరు. అంటే ముందుగాల మనిషిల మంచి చూపించాలె, అప్పుడే పగులుకు విలువ. నీవాడు మొదటి పేజీ నుంచి పెండ్లాన్ని తిట్టుడే. ‘ఫాల్ట్’ అయితే లైన్‌మన్ మాట. తీగల ఉండొచ్చు, తప్పు చేసినోని మీద కూడ పడొచ్చు. ఆఖరుకు మొగుడు ఏడ్చుకుంట “అది నా డిఫెక్ట్” అంటడు. చేసిన పనికి ఆ మాట అతకదు. “తప్పు నాదే” అంటే ఏం పోయింది?

చివరి పేజీల పగిలిన కుండను అతికి, ఆ అతుకు మీద బంగారు పొడి అద్దే జపానోళ్ల ముచ్చట తీసెయ్యి. పోటీలకు వచ్చే కథల్ల ఆ కుండ దొర్లుతనే ఉంటది. ‘లోపమే అందం’ అంటే కండ్లనీళ్లు పెట్టుకునే జడ్జీలున్నరు, అది వేరే సంగతి. కాళ్లు వంగిన మనిషికి ఆ మాట చెప్పి చూడు, ఏమంటడో.

ఇంకొకటి. బోరునీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతదని సర్పంచుతోని అనిపించినవు. కాస్తె పోదు, నీళ్లు ఆవిరైనకొద్దీ ఉన్నది చిక్కబడుతది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, కలియబెట్టి, మడ్డి అడుగుకు దిగినంక పైన తేటను వడగట్టే పద్ధతి నాగ్‌పూర్‌ల పర్యావరణ పరిశోధన చేసే నీరి (NEERI) సంస్థోళ్లు తయారుచేసిన్రు. దాని పేరే నల్గొండ టెక్నిక్. సర్పంచు తెల్వక అట్ల అన్నడంటే ఆ మాట ఉంచు, కాని పక్కన ఉన్న నర్సమ్మ తల ఊపుడు మాత్రం తీసెయ్యి.