మూడు గీతలు ఏం చెబుతాయి?

స్పిన్ లేబుల్ లిపిడ్లు అంటే కణపు పొరల్లాంటి పొరల కదలికను కొలవడానికి, జత లేని ఎలక్ట్రాన్ ఉన్న చిన్న గుర్తు (లేబుల్) తగిలించిన కొవ్వు అణువులు. వాటి మీద గుంటూరు, విజయవాడ పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు.

ప్ర: మా మేడం 5-డాక్సిల్, 16-డాక్సిల్ స్టియరిక్ ఆమ్లాలు రెండూ కొనమంటున్నారు. ఒకటి చాలదా? ఆ అంకె ఏమిటి?
– ఎం.ఎస్సీ. బయోకెమిస్ట్రీ విద్యార్థిని, నంబూరు

జ: రెండూ కొనండి. స్టియరిక్ ఆమ్లానికి పద్దెనిమిది కార్బన్ల తోక ఉంటుంది. నైట్రాక్సైడ్ ఉన్న చిన్న ఉంగరాన్ని (దాన్నే డాక్సిల్ అంటారు) ఆ తోకలో ఎన్నో కార్బన్ దగ్గర తగిలించారో అంకె చెబుతుంది. నైట్రాక్సైడ్‌లో జత లేని ఎలక్ట్రాన్ ఒకటుంటుంది. ఈపీఆర్ (ఎలక్ట్రాన్ పారామాగ్నెటిక్ రెసొనెన్స్) యంత్రం అయస్కాంత క్షేత్రంలో మైక్రోవేవ్‌తో పట్టుకునేది దాన్నే. దాని పక్కనున్న నైట్రోజన్ కేంద్రకం వల్ల ఆ సంకేతం మూడు గీతలుగా చీలుతుంది.

లేబుల్ నీళ్లలోలాగా స్వేచ్ఛగా తిరుగుతుంటే మూడు సన్నటి గీతలు దాదాపు ఒకే ఎత్తులో, పదిహేను గాస్‌ల (గాస్ అంటే అయస్కాంత క్షేత్రపు కొలమానం) ఎడంతో వస్తాయి. కదలిక పూర్తిగా ఆగితే గీతలు సాగి, రెండు చివరి శిఖరాల మధ్య దూరం 65 గాస్‌ల దాకా పోతుంది. పొరలో ఐదో కార్బన్ లిపిడ్ తల దగ్గర ఇరుకులో ఉంటుంది, పదహారోది మధ్యలో వదులుగా ఊగుతుంటుంది. అందుకే ఒకే పొరలో, ఒకే ఉష్ణోగ్రత దగ్గర 5 సాగిన స్పెక్ట్రం ఇస్తే 16 సన్నటి గీతలు ఇస్తుంది. ఒక్క 5తోనే కొలిచి ‘పొర గట్టిపడింది’ అని రాస్తే, పైభాగం సంగతి మాత్రమే చెప్పినట్టు.

ఇంకో చిక్కుంది. కొవ్వు ఆమ్లం తల పీహెచ్‌ని బట్టి ఆవేశం మార్చుకుంటుంది. పొరలో ఉన్నప్పుడు ఆ మార్పు 7 చుట్టుపక్కలే జరగడంతో, బఫర్ కొంచెం మారినా లేబుల్ పైకో కిందికో జరుగుతుంది. పీహెచ్ మార్చే ప్రయోగమైతే డబ్బు ఎక్కువైనా డాక్సిల్ ఉన్న ఫాస్ఫటిడైల్‌కోలిన్ (పొరల్లో మామూలుగా ఉండే లిపిడ్) వాడడం మేలు. ఏది వాడినా యంత్రం చెప్పేది లేబుల్ ఉన్న చోటు గురించే, మొత్తం పొర గురించి కాదు.

ప్ర: మూడు గీతలు రావాల్సింది, ఒకే లావుపాటి దిబ్బ వస్తోంది. కొన్నిసార్లు దాని మీద సూదుల్లాంటి శిఖరాలు కూడా. తప్పు ఎక్కడ?
– ఫార్మసీ లెక్చరర్, విజయవాడ

జ: దిబ్బ వస్తే దాదాపు ఎప్పుడూ లేబుల్ ఎక్కువైనట్టే. లేబుళ్లు ఒకదానికొకటి తగులుకుని గీతలు కలిసిపోతాయి. లిపిడ్‌లో నూటికి ఒక మోల్ మించకూడదు. లెక్క చూడండి: డీపీపీసీ (ప్రయోగాల్లో పొరలకు వాడే ఒక ఫాస్ఫటిడైల్‌కోలిన్) 1 మి.గ్రా. అంటే 1.36 మైక్రోమోల్. దానిలో నూరో వంతు 13.6 నానోమోల్. 5-డాక్సిల్ స్టియరిక్ ఆమ్లం అణుభారం 384.6 కాబట్టి కావలసింది 5.2 మైక్రోగ్రాములు. మి.లీ.కి 1 మి.గ్రా. ఉన్న ఇథనాల్ ద్రావణం నుంచి 5.2 మైక్రోలీటర్లు. కంటితో అంచనా వేసి ‘ఒక చుక్క’ వేస్తే అక్కడే పది రెట్లు పడుతుంది.

లిపిడ్‌నీ లేబుల్‌నీ 2:1 క్లోరోఫామ్–మిథనాల్‌లోనే కలపాలి. తయారైన పొరల మీద తర్వాత పోస్తే కొంత బయటే ఉండిపోతుంది. మీ సూదుల్లాంటి శిఖరాలు ఆ బయటి లేబుల్‌వే. అప్పుడు బఫర్‌తో రెండుమూడు సార్లు కడిగి, సెంట్రిఫ్యూజ్ చేయండి. కణాలకు పైనుంచి వేయక తప్పదు కాబట్టి ఆ కడుగుడు తప్పనిసరి.

నత్రజని ఊదుతూ ఆరబెట్టేటప్పుడు ఒకటి గమనించండి. క్లోరోఫామ్ ఆవిరవుతూ గొట్టాన్ని చల్లబరుస్తుంది, జులై–ఆగస్టు ఉక్కలో లోపలి గోడకు తేమ పట్టి పొర తెల్లగా, మరకలుగా ఆరుతుంది. గొట్టం అడుగును గోరువెచ్చని నీళ్లలో ఉంచి ఊదితే ఆ బాధ ఉండదు. తర్వాత కనీసం మూడు గంటలు వాక్యూమ్‌లో పెట్టండి. మిగిలిన క్లోరోఫామ్ కూడా పొరను వదులు చేస్తుంది.

నీరు పట్టించేది లిపిడ్ కరిగే ఉష్ణోగ్రత పైన. డీపీపీసీ 41 డిగ్రీల దగ్గర మారుతుంది, అందుకే 50 డిగ్రీల బఫర్ 100 మైక్రోలీటర్లు పోసి వోర్టెక్స్ చేయండి. మే నెలలో ఏసీ లేని బెజవాడ ల్యాబ్‌లో బల్ల మీది నమూనా ఆ 41 దగ్గరే ఊగిసలాడుతుంటుంది. ఉదయం తీసిన స్పెక్ట్రం మధ్యాహ్నానికి కలవదు, దానికి మందునో ప్రోటీన్‌నో నిందించకండి.

నమూనాను ఒక మి.మీ. లోపలి వ్యాసం ఉన్న, ఒక కొస మూసిన గాజు కేపిలరీలో వేసి, సెంట్రిఫ్యూజ్‌తో అడుక్కి దించి, 5 మి.మీ. ఎత్తు ఉంచండి. పైన మిగిలిన నీళ్లు తీసేయాలి, నీళ్లు మైక్రోవేవ్‌ని మింగేస్తాయి. సిలికాన్ నూనె ఉన్న క్వార్ట్జ్ గొట్టంలో కేపిలరీ దించి, థర్మోకపుల్ మొనను నమూనాకి ఆనుకుని పెట్టండి. మాడ్యులేషన్ (యంత్రం అయస్కాంత క్షేత్రాన్ని ఊపే మోతాదు) ఒక గాస్‌తో మొదలెట్టండి. ఎక్కువ పెడితే సంకేతం పెద్దదై బాగున్నట్టే ఉంటుంది, కాని సన్నటి గీతలు లావెక్కిపోతాయి.

ప్ర: గుంటూరు మిర్చి రసం వేస్తే స్పెక్ట్రం క్రమంగా మాయమవుతోంది. ఘాటు పొరను కరిగిస్తోందా?
– డిగ్రీ విద్యార్థి, గుంటూరు

జ: కాదు. మిరపలో, ముఖ్యంగా పచ్చిమిర్చిలో, విటమిన్ సి దండిగా ఉంటుంది. అది నైట్రాక్సైడ్‌ని క్షయకరణం చేసి ఆ ఎలక్ట్రాన్‌ని జతపరిచేస్తుంది. పొర మారితే గీతల ఆకారం మారాలి. ఆకారం అలాగే ఉండి ఎత్తు మాత్రమే తగ్గుతుంటే చచ్చిపోతున్నది లేబుల్.

ఘాటు సంగతే తేల్చాలంటే శుద్ధమైన కాప్సైసిన్‌ని (మిరపకు ఘాటునిచ్చే పదార్థం) ఇథనాల్‌లో కరిగించి వేయండి. ఇథనాల్ మొత్తంలో నూటికి ఒక వంతు దాటకూడదు, ఉత్త ఇథనాల్ వేసిన జోడు నమూనా పక్కన ఉండాలి. మోతాదును మైక్రోమోలార్‌లో కాకుండా లిపిడ్‌కి ఎన్ని మోళ్లో రాయండి, ఎందుకంటే అది చేరేది పొరలోనే. ఉష్ణోగ్రత పదో వంతు డిగ్రీ దాకా స్థిరంగా లేకపోతే కొలవడం దండగ.

ప్ర: ప్రోటీన్ చుట్టూ ఎన్ని లిపిడ్లు అతుక్కున్నాయో లెక్కపెట్టగలమా?
– పరిశోధక విద్యార్థి, విజయవాడ

జ: పెట్టగలం. ఈ పద్ధతికి అసలు గొప్పతనం ఇక్కడే ఉందని మా అభిప్రాయం. 1973లో సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే పొర ప్రోటీన్ మీద చేసిన పనితో ఇది పేరు తెచ్చుకుంది. 14 లేదా 16 చోట లేబుల్ ఉన్న లిపిడ్ వాడితే స్పెక్ట్రంలో రెండు భాగాలు కనిపిస్తాయి: సన్నటి గీతలు పొరలో తిరిగేవి, పక్కల ఉబ్బెత్తులు ప్రోటీన్‌ని ఆనుకుని కదలిక తగ్గినవి. ప్రోటీన్ లేని లిపిడ్ స్పెక్ట్రాన్ని తీసివేస్తూ పోతే రెండో దాని వాటా తేలుతుంది.

ఉదాహరణకు ప్రోటీన్‌కి 60 లిపిడ్లున్న నమూనాలో ఆ వాటా 0.4 వస్తే, 24 లిపిడ్లు ఆనుకుని ఉన్నట్టు. అదే నమూనాలో రుణావేశపు తల ఉన్న లేబుల్‌కి వాటా 0.6 వచ్చిందనుకోండి. మొదటిదానికి బద్ధ (ఆనుకున్నవి)–స్వేచ్ఛ (విడిగా తిరిగేవి) నిష్పత్తి 0.667, రెండోదానికి 1.5. అంటే ప్రోటీన్ రెండోదాన్ని 2.25 రెట్లు ఎక్కువ ఇష్టపడుతోంది.

ఒక్క నమూనా నమ్మకండి. ప్రోటీన్ గుంపులు కట్టితే మధ్యలో ఇరుక్కున్న లిపిడ్లూ ఆ వాటాలో కలుస్తాయి. లిపిడ్–ప్రోటీన్ నిష్పత్తి నాలుగైదు రకాలుగా మార్చి, స్వేచ్ఛ–బద్ధ నిష్పత్తిని దాని మీద గీస్తే సరళరేఖ రావాలి. ఇక ‘అతుక్కున్నాయి’ అనే మాట కూడా సరికాదు. ఆ లిపిడ్లు సెకనుకి కోటిసార్ల స్థాయిలో చోటు మారుతుంటాయి. ఈపీఆర్ గడియారం అంతకన్నా వేగం కాబట్టి విడిగా కనిపిస్తాయి, నెమ్మదైన ఎన్‌ఎంఆర్‌కి (పరమాణు కేంద్రకాల సంకేతాలు చదివే పద్ధతి) కలిసిపోయి కనిపిస్తాయి. దీని మీద చాలాకాలం వాదులాటలు నడిచాయి.

ప్ర: నమూనాలు చెన్నై ఐఐటీకి పంపాలి. రైల్లో పాడవవా?
– పాఠకుడు, మంగళగిరి

జ: నీరు పట్టించిన నమూనాలు పంపకండి. వాక్యూమ్‌లో ఆరిన పొరలను ఆర్గాన్ నింపి, మూత బిగించి, పారాఫిల్మ్ చుట్టి, డ్రై ఐస్‌లో పెట్టి తీసుకెళ్లండి. బఫర్ విడిగా పట్టుకెళ్లి అక్కడే పోయాలి. గొట్టం గది వేడికి వచ్చాకే మూత తియ్యండి, లేకపోతే గాలిలోని తేమంతా పొర మీదికి చేరుతుంది. ప్రోటీన్ ఉన్న నమూనాల్లో డీటీటీ గానీ మెర్కాప్టోఇథనాల్ గానీ (రెండూ ప్రోటీన్ చెడకుండా వేసే క్షయకరణ పదార్థాలు) ఉంటే ముందే డయాలసిస్ చేసి తీసేయండి, ప్రయాణంలో అవి లేబుల్‌ని కొంచెం కొంచెంగా తినేస్తాయి. లేబుల్ లేని పొర ఒకటి అదనంగా పెట్టుకోండి, కేపిలరీ గాజు ఇచ్చే సంకేతాన్ని తీసివేయడానికి అది కావాలి.