నుదురు జిడ్డు, బుగ్గలు పొడి.. సన్‌స్క్రీన్ ఏది వాడాలి?

ప్రశ్న: మేడం, నాకు 26 ఏళ్లు. రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి స్కూటీ మీద ఆఫీసుకు వెళ్తాను. పదింటికల్లా నుదురు, ముక్కు జిడ్డు కారుతుంటాయి, బుగ్గలేమో పొడిబారి చురచురమంటాయి. జిడ్డు చర్మానికని కొన్న సన్‌స్క్రీన్‌తో బుగ్గలు ఇంకా ఎండిపోయాయి, క్రీమ్ రకం రాస్తే ముక్కు పక్కన మొటిమలు వచ్చాయి. రెండు రకాలు కొనాలా, లేక అసలు మానేయనా?
– ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మానకండి, ప్లీజ్. మన ఊరి ఎండల్లో రోజూ అంత దూరం బండి మీద వెళ్లేవాళ్లకు అది తప్పదు. రెండు కొనక్కర్లేదు కూడా. జిడ్డు చర్మానికని అమ్మేవాటిలో కొన్నింట్లో త్వరగా ఆరాలని ఆల్కహాల్ ఎక్కువ కలుపుతారు, మీ బుగ్గలకు పడనిది బహుశా అదే. జెల్ లేదా జెల్ క్రీమ్ రకం తీసుకోండి, ట్యూబ్ మీద నాన్ కమెడోజెనిక్ (చర్మ రంధ్రాల్ని మూసేయనిది) అనీ, పీఏ (చర్మంలోకి లోతుగా వెళ్లే యూవీఏ కిరణాల నుంచి రక్షణ ఎంతో చెప్పే గుర్తు) పక్కన కనీసం మూడు ప్లస్‌లూ ఉన్నాయేమో చూడండి. ఎస్‌పీఎఫ్ 30 చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల్ని దాదాపు 97 శాతం ఆపితే 50 ఆపేది 98 శాతమే, కాబట్టి ఇంకా పెద్ద నంబర్ కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. మంగు మచ్చలుంటే మాత్రం ఐరన్ ఆక్సైడ్ ఉన్న టింటెడ్ (చర్మపు రంగు కలిపిన) రకం మేలు.

ముందు బుగ్గలకు మాత్రమే పల్చగా మాయిశ్చరైజర్ రాసి ఐదు నిమిషాలు ఆగండి. రెండూ అరచేతిలో కలిపి రాసేయొద్దు, సన్‌స్క్రీన్ పల్చబడి పొర సరిగ్గా కుదరదు. ఇక చాలామంది తప్పు చేసేది కొలత దగ్గరే. జిడ్డవుతుందన్న భయంతో శనగగింజంత రాసుకుంటారు, ట్యూబ్ మీద రాసిన ఎస్‌పీఎఫ్ లెక్కేమో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసినప్పటిది. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పెట్టుకుంటే ముఖానికీ మెడకూ సరిపోతుంది. ఒకేసారి పట్టించలేకపోతే ఒక గీత రాసి అది ఇంకాక రెండోది రాయండి, ముక్కు దగ్గర తగ్గించకండి, చెవులు మరవకండి. బయల్దేరడానికి పావుగంట ముందు రాసుకుంటే చాలు.

ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఆఫీసులోనే ఉంటే మధ్యాహ్నం బయటికి వెళ్లే ముందు, సాయంత్రం ఎండ ఉండగానే బయల్దేరుతుంటే అప్పుడూ రాయండి. అద్దాల కిటికీ పక్కన సీటైతే యూవీఏ అద్దంలోంచి కూడా వస్తుంది, అక్కడా రెండు గంటల లెక్కే. టిష్యూతో జిడ్డు అద్ది తీశాక రాయండి, రుద్దొద్దు. ట్యూబ్‌ని స్కూటీ డిక్కీలో వదిలేయకండి, ఏప్రిల్, మే వేడికి పాడవుతుంది.