జి.ఐ. జో నడుము ఊడిపోతే

ప్రశ్న: చిన్నప్పటి ఫన్‌స్కూల్ జి.ఐ. జో సైనికుడి బొమ్మ పాత పెట్టెలో దొరికింది. నడుము దగ్గర రెండుగా ఊడిపోయింది. జిగురుతో అతికించవచ్చా?
– ఓ పాఠకుడు, ఏలూరు

జవాబు: జిగురు అస్సలు వద్దు, నడుము కదలకుండా పోతుంది. ఈ 3.75 అంగుళాల బొమ్మలో కాళ్లనీ మొండేన్నీ కలిపి పట్టేది లోపలి రబ్బరు ఓ-రింగ్. ఏళ్లు గడిస్తే అది ఎండి తెగిపోతుంది, అంతే. బొమ్మ బాగానే ఉన్నట్టు!

వీపు మీది స్క్రూ చిన్న స్టార్ స్క్రూడ్రైవర్‌తో విప్పండి. తెగిన రింగును కుళాయి సామాన్ల కొట్లో చూపించి, అదే మందం, అదే చుట్టుకొలత ఉన్నది తీసుకోండి. వదులైతే బొమ్మ నిలబడదు. మరీ బిగుతైతే నడుము ముక్క విరగొచ్చు. కొత్త రింగును కాళ్ల మధ్య కొక్కేనికి తగిలించి, నడుము ముక్కలోంచి పైకి లాగి, స్క్రూ దిగే గొట్టానికి వేయండి. తల, చేతులు సర్ది మూయండి. స్క్రూ బిగిసిందనగానే ఆపాలి, లేదంటే పాత ప్లాస్టిక్ చీలుతుంది. తుపాకీని బలవంతంగా పట్టించకండి, బొటనవేళ్లు ఇట్టే విరుగుతాయి.