ఖతార్‌లో తుర్కియే స్థావరానికి ఇరాన్ ఎందుకు అడ్డుపడలేదు? (సమాధానం)

"తుర్కులు, పర్షియన్లు 500 ఏళ్ల శత్రువులు కదా, మరి గుమ్మం ముందు తుర్కియే సైన్యం దిగితే ఇరాన్ ఎందుకు ఊరుకుంది?" అని అడిగారు. ఆ వైరాన్ని రెండు జాతుల పోరుగా చదవడం వల్లే ఈ చిక్కు.

1. చాలామంది దాటేసేది ఇదే. ఇరాన్‌ను ఏలిన సఫవీలకు, నేటి తుర్కియేకు ముందున్న ఆటోమన్ సామ్రాజ్యానికి మధ్య 1514లో జరిగిన చాల్దిరాన్ యుద్ధంలో తుర్కులు రెండు వైపులా ఉన్నారు. సఫవీ రాజు షా ఇస్మాయిల్ బలమంతా కిజిల్‌బాష్ అనే తుర్కుమాన్ (తుర్కు జాతి) తెగలే. ఆయన తుర్కీ భాషలో కవిత్వం రాశాడు. ఎదురుగా నిలిచిన ఆటోమన్ సుల్తాన్ సలీం రాసింది పర్షియన్‌లో! మన గోల్కొండనే చూడండి: కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతపు తుర్కుమాన్, ఆస్థాన భాషేమో పర్షియన్. అసలు గొడవ షియా–సున్నీ అధికారం మీద, తూర్పు అనటోలియా (నేటి తుర్కియే తూర్పు భాగం), ఇరాక్ ఎవరివన్న దాని మీద.

2. 1639 జుహాబ్ ఒప్పందంతో బాగ్దాద్ ఆటోమన్లకు, యెరెవాన్ (నేటి ఆర్మేనియా రాజధాని) సఫవీలకు దక్కాయి. తర్వాత కూడా యుద్ధాలు జరిగాయి, కానీ నేటి తుర్కియే–ఇరాన్ సరిహద్దు చాలావరకు ఆ గీతకు దగ్గరగానే ఉంది.

3. ఇక 2017కు రండి. సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు ఖతార్‌ను దిగ్బంధించి 13 డిమాండ్లు పెట్టాయి. తుర్కియే స్థావరం మూసేయాలన్నదీ, ఇరాన్‌తో సంబంధాలు తగ్గించుకోవాలన్నదీ ఒకే జాబితాలో ఉన్నాయి. అంటే ఒత్తిడి ఇద్దరి మీదా ఒకేసారి వచ్చింది. తుర్కియే సైనికులను పంపింది, ఇరాన్ తన గగనతలం తెరిచి ఆహారం పంపింది.

అదే ఏడాది సిరియా అంతర్యుద్ధంలో ఇద్దరూ చెరో పక్షాన ఉన్నారు. కాబట్టి ఒక్కో చోటును విడిగా తీసుకుని, అక్కడ ఎవరికి ఏం కావాలో రాసుకుని చూడండి.