గేర్ల బండి కొంటున్న మేనకోడలికి

అమ్మలూ,

మావయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పైడిభీమవరంలో ఉద్యోగం వచ్చిందట, పొందూరు నుంచి రోజూ వెళ్ళి రావడానికి సెకండ్ హ్యాండ్ బండి చూసుకున్నావట. స్కూటీ కాదు, గేర్ల బండట. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు వెనక సీటు మీద పక్కకి తిరిగి కూర్చున్నవాళ్ళే గాని గేర్ల బండి హ్యాండిల్ పట్టినవాళ్ళు లేరు. మీ అత్తకి చెప్తే "దానికి ధైర్యం ఎక్కువ" అంది. తిట్టిందో మెచ్చుకుందో నాకు తెలీలేదు. నాకు మాత్రం గర్వంగానే ఉంది. ఉన్నా, రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. కళ్ళు మూస్తే హైవే, లారీలు. ఫోన్లో చెప్తే "సరే మావయ్యా, సరే మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకని కాయితం మీద రాస్తున్నాను. మెకానిక్ షెడ్డు మూసేసినా పానా పట్టిన చెయ్యి కదా, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

మీ నాన్న వద్దన్నాడని, ఆడపిల్లవని ఆపుతున్నాడని అలిగి అన్నం మానేసేవట. ఇదేటమ్మా, చిన్నగుంటవా? ఆయన వద్దనడానికి కారణం వేరే ఉంది. చెప్తాను, కాస్త ఆగు.

ముందు లైసెన్సు. ఇంటర్ అయ్యేక స్కూటీకి తీసుకున్నది ఉంది కదా అని నీ ధీమా. అది గేర్లు లేని బండికి ఇచ్చింది. దాంతో గేర్ల బండి తోలితే లైసెన్సు లేకుండా తోలినట్టే లెక్క, జరిమానా 5,000 రూపాయలు. జరిమానాతో పోతే పోనీ. జరగరానిది జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు ముందు పట్టుకునేది ఆ ముక్కే. ఉన్న లైసెన్సులోనే గేర్ల బండి కూడా చేర్చమని పరివాహన్ సారథి వెబ్‌సైటులో అప్లై చెయ్యి. దానికీ ఎల్‌ఎల్‌ఆర్ తియ్యాలి. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలుంటుంది, 30 రోజులు దాటేకే టెస్టు. ఈలోగా బండికి ముందూ వెనకా తెల్లపలక మీద ఎర్ర ఎల్ కనబడాలి. నేర్పేవాళ్ళని తప్ప వెనక ఎవర్నీ ఎక్కించుకోకూడదు. నీ స్నేహితురాల్ని కూడా.

డబ్బిస్తే టెస్టు లేకుండానే పని చేయిస్తామనే వాళ్ళు ఎవరో ఒకరు తగుల్తారు. వినకు. టెస్టులో ఎనిమిదంకెలా బండి తిప్పమంటారు, ఆ ఎయిట్ వెయ్యడం రానిదానివి, చిలకపాలెం జంక్షన్లో రాజాం వైపు నుంచి లారీ వచ్చి తిరుగుతుంటే పక్కన ఎలా నిలబడతావు? ఎయిట్‌లో చాలామంది ముందు చక్రం వైపు చూస్తారు, చూడగానే కాలు కిందకొచ్చేస్తుంది. నువ్వు తిరగబోయే మలుపు వైపు చూడు. ఫస్టు గేరు, క్లచ్ సగం, వెనక బ్రేకు మీద కాలు తేలిగ్గా. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు జోలికి పోయేవంటే బండి పడుకుంటుంది. పాసయితే నీకు నలభై ఏళ్ళు వచ్చేదాకా మళ్ళీ ఎవరూ అడగరు.

ఇప్పుడు మీ నాన్న సంగతి. ఇది నేను చెప్పేనని తెలిస్తే బావ నాతో కొన్నాళ్ళు మాట్లాడడు. మాట్లాడకపోతే పోనీ.

నువ్వు పుట్టకముందు మీ నాన్నకి హీరో హోండా సీడీ 100 ఉండేది. ఏపీ 30 నంబరు, ఎర్ర ట్యాంకు. ఆదివారం పూట కిరసనాయిలు గుడ్డతో స్పోకు స్పోకూ తుడిచేవాడు. పెళ్ళయిన కొత్తలో మీ అమ్మని అరసవల్లి తీసుకెళ్ళింది దాని మీదే. ఇల్లు కట్టినప్పుడు డబ్బు చాలక దాన్ని అమ్మేడు. కొన్నవాడు తెలిసినవాడే. "పేరు నేను మార్పించుకుంటాలే" అని ఫారం 29, ఫారం 30 మీద తేదీ లేకుండా సంతకాలు పెట్టించుకున్నాడు. మీ నాన్నదీ ఒక తెలివి. నోటుపుస్తకంలో కాయితం చింపి, "బండి నాకు ముట్టింది, ఇకపై బాధ్యత నాది" అని వాడిచేత రాయించి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం తీసుకున్నాడు. ఆ కాయితం ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసేడు. అక్కడితో అయిపోయిందనుకున్నాడు.

వాడు పేరు మార్చలేదు. ఇన్సూరెన్సు కట్టలేదు. కొన్నాళ్ళు తోలి, అవే సంతకాల కాయితాలతో ఇంకొకడికి అమ్మేసేడు. ఆ రెండోవాడు ఒకనాడు చీకటి పడ్డాక, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం ఎత్తుకుంటున్న ముసలాయన్ని గుద్దేడు. తొడ ఎముక విరిగిపోయింది. పోలీసులు నంబరు చూసేరు, ఆర్టీవో ఆఫీసులో తీయించేరు, మీ నాన్న పేరొచ్చింది. శ్రీకాకుళం కోర్టు నుంచి నోటీసు వచ్చేసరికి నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నావు.

వకీలు దగ్గరకి నేనే తీసుకెళ్ళేను. మీ నాన్న ట్రంకుపెట్టెలోని కాయితం మడత విప్పి, అదేదో పట్టా అన్నట్టు బల్ల మీద పెట్టేడు. వకీలు దాన్ని ఇటూ అటూ తిప్పేడు, స్టాంపు మీద సంతకం చూసేడు, మళ్ళీ అదే మడతల మీద మడిచి చేతికిచ్చేసేడు. "ఇది మీకూ అతనికీ మధ్య లెక్క. ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టానికి వాళ్ళే ఓనరు" అన్నాడు. మోటారు వాహనాల చట్టంలో ఆ ముక్క రాసే ఉందమ్మా. 2018లో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది, బండి ఎన్ని చేతులు మారినా ఆర్సీలో పేరున్నవాడిదే బాధ్యత అని. మీ నాన్న కేసు దానికి చాలా ముందుదే గాని, ఆయన మెడకి చుట్టుకున్నది ఇదే.

వాయిదాలకి తోడెళ్ళేవాణ్ణి. కోర్టు వరండాలో ఆ ముసలాయన ఒక కాలు చాపుకుని కూర్చునేవాడు. మీ నాన్నని చూసి, "గుద్దింది నువ్వు కాదు బావూ, నాకు తెలుసు" అనేవాడు. అన్నంత మాత్రాన కేసు వదులుకుంటాడా? పనికెళ్ళలేని కాలు ఆయనది. మీ నాన్న ఏటీ అనలేక, ఇద్దరికీ టీ తెమ్మని నన్ను పంపించేవాడు. చివరికి వడ్డీతో సహా కట్టేడు. చెరువు కింద మడిచెక్క ఎందుకమ్మేవని చిన్నప్పుడు నువ్వడిగితే "అవసరమొచ్చింది" అన్నాడు, గుర్తుందా? అదీ అవసరం.

ఆ తర్వాత ఆయన బండి కొనలేదు. సైకిలు, లేకపోతే బస్సు. నువ్వు కొడుకువై పుట్టినా ఇలాగే వద్దనేవాడు. ఆయన్ని తరిచి అడగకు. పేరు మార్పించుకున్న ఆర్సీ తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టు, కళ్ళజోడు పెట్టుకుని చదువుకుంటాడు.

నేను కొనేదాన్ని కదా, నాకేటి నష్టం అనుకుంటావేమో. బండి అమ్మినతని పేరున ఉన్నంతకాలం అతని అప్పులూ నీ వెనకే వస్తాయి. ఫైనాన్సు బాకీ ఉంటే రోడ్డు మీద ఆపి తాళం లాక్కుపోతారు. బండి ఎవడైనా ఎత్తుకుపోతే నీదని చెప్పుకోడానికి నీ దగ్గర ఏటీ ఉండదు. అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాళ్ళు 30 రోజుల్లో ఆర్టీవోకి తెలియజెయ్యాలి. నువ్వు ముప్పై రోజులు ఆగొద్దు. డబ్బిచ్చిన రోజే అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని అప్లై చేసేయ్. ఆర్సీలో ఫైనాన్సు కంపెనీ పేరుంటే బాకీ తీరిందన్న వాళ్ళ ఎన్వోసీ, ఫారం 35 చేతికొచ్చేదాకా పైసా ఇవ్వకు. పాత చలానాలు ఉన్నాయేమో చూసి అతనిచేతే కట్టించు. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో నీ పేరుకి మార్పించుకో. ఇవన్నీ అడిగితే అతను మొహం చిట్లిస్తే, ఆ బండి మనకొద్దు. పొందూరులో బండ్లకి కరువా?

బండి చూడ్డానికి వెళ్ళేటప్పుడు, నువ్వొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని ముందే చెప్పు. వెళ్ళగానే ఇంజనుకి చెయ్యి దగ్గరగా పెట్టి చూడు. వేడిగా ఉంటే పొద్దున్న స్టార్టింగు ట్రబులు దాస్తున్నాడన్నమాట. పొగ నీలంగా వస్తే ఆయిలు తాగుతోంది. హ్యాండిల్ కింద మెడ దగ్గర కొట్టిన ఛాసిస్ నంబరు ఆర్సీతో అంకె అంకె సరిచూడు. ఎదురుగా నిలబడి ముందు చక్రం, ఫోర్కులు ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడు, పడ్డ బండైతే అక్కడ తెలిసిపోతుంది. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారం తయారైందని. టైరు మీది బటన్లు అరక్కుండా బాగానే ఉన్నా అంత పాత టైరు రబ్బరు గట్టిపడిపోతుంది, వానలో జారుతుంది.

కొన్నాక చూసుకోవలసినవి పెద్దగా లేవు. గాలి వారానికోసారి, టైరు చల్లగా ఉన్నప్పుడు. ఎంత పట్టించాలో చెయిను కవరు మీదో పుస్తకంలోనో రాసి ఉంటుంది. చెయిను అయిదువందల కిలోమీటర్లకోసారి తుడిచి తొంభై నంబరు గేరాయిలు పట్టించు. మధ్యలో వేలితో ఎత్తితే అంగుళం ఆడాలి. బిగదీసి కట్టించుకుంటే బేరింగు పోతుంది. కళింగపట్నం, భావనపాడు వైపు బండ్లు నా షెడ్డుకి వచ్చేవి, ఉప్పుగాలికి చెయిన్లు తుప్పు పట్టి లింకు లింకుకీ పట్టేసేవి. నువ్వు సముద్రానికి షికారు వెళ్ళొస్తే మర్నాడు మంచినీళ్ళతో కడుగు.

ఇంజనాయిలు పుస్తకంలో ఎన్ని కిలోమీటర్లంటే అన్నింటికే మార్పించు, దగ్గరుండి చూడు. కారాయిలు చవకని పోస్తానంటే ఒప్పుకోకు. మన బండ్ల క్లచ్ ప్లేట్లు ఆయిల్లోనే మునిగుంటాయి, కారాయిల్లో కలిపే జారుడు మందులకి క్లచ్ పట్టదు. డబ్బా మీద జాసో ఎంఏ అనో ఎంఏ2 అనో ఉండాలి.

ఇంకోటి. తుఫాను నీళ్ళల్లో బండి మునిగితే స్విచ్ నొక్కొద్దు, కిక్ కొట్టొద్దు. 2018లో తిత్లీ వచ్చినప్పుడు వంశధార పక్క ఊళ్ళ నుంచి బండ్లు వరసగా వచ్చేయి. తోసుకొచ్చిన బండ్లు బాగుపడ్డాయి. ఒకసారి చూద్దామని కిక్ కొట్టినవాటికి కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. సిలిండర్లో గాలైతే నలుగుతుంది, నీరు నలగదు కదా. ఆయిలు విప్పితే పాలు కలిపిన టీలా కారేది. ముందు ప్లగ్గు విప్పించి నీళ్ళు తీయించాలి, ఆయిలు మార్పించాలి, ఆ తర్వాతే స్టార్టు.

చున్నీ గురించి ఎన్నిసార్లు చెప్పినా నాకు తృప్తి ఉండదు. బండి ఎక్కేముందు చున్నీ తీసి బ్యాగులో పెట్టు, లేదా జాకెట్టు వేసుకుని లోపల దోపేసుకో. వెనక ఎవరు కూర్చున్నా వాళ్ళ చీరకొంగు నువ్వే చూసుకో. చక్రానికి చీర గార్డు ఉండాలి, అందం కోసం కుర్రాళ్ళు పీకించేస్తారు. నువ్వు కొనే బండికి లేకపోతే నేను బిగిస్తాను. చక్రంలో చున్నీ చుట్టుకున్నవాళ్ళని షెడ్డు ముందు రెండుసార్లు చూసేను. ఇంతకన్నా రాయను.

హైవే మీద సుభద్రాపురం, రణస్థలం దాటేదాకా ఎడం పక్కనే ఉండు. పక్కకి ఆపిన లారీకి వెనక లైటు వెలగదు, అది ఆగుందో కదుల్తోందో చీకట్లో తెలీదు. పొందూరు నుంచి చిలకపాలెం దాకా ఊరి రోడ్డు ఇంకా కష్టం. కోతల రోజుల్లో సగం రోడ్డు కళ్ళమే. ధాన్యం, చోళ్ళు, నువ్వులు ఏవైనా ఆరబోసి చుట్టూ రాళ్ళు పెడతారు, ఎత్తుకున్నాక రాళ్ళు వదిలేస్తారు. గింజల మీదకి ఎక్కేవంటే బ్రేకు పట్టకు, హ్యాండిల్ తిప్పకు, యాక్సిలేటరు వదిలేసి తిన్నగా పోనీ. నైటు షిఫ్టు వేస్తే చీకట్లో రాకు. కంపెనీ బస్సు ఉంటే అందులో రా, బండి ఉదయం తెచ్చుకోవచ్చు. అన్నట్టు, 2017 తర్వాతి బండ్లకి పగలు కూడా లైటు వెలుగుతూనే ఉంటుంది. ఎదురొచ్చేవాళ్ళు వేళ్ళాడించి చూపిస్తే కంగారుపడి దిగిపోకు.

హెల్మెట్ నువ్వు కొనకు. రోడ్డు పక్క పరిచి అమ్మేవి టోపీకి ఎక్కువ, హెల్మెట్‌కి తక్కువ. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 ఉన్నది నేనే తీసుకుంటాను. జడ వేసుకుని, కనుబొమ్మల మీదుగా తల చుట్టూ టేపు పెట్టి ఎన్ని సెంటీమీటర్లొచ్చిందో మీ అమ్మచేత ఫోన్ చేయించు. జడ లేకుండా కొలిస్తే మళ్ళీ తిరగ్గొట్టాలి. రంగు చెప్పకపోతే మీ అత్త గులాబీ రంగు తీస్తుంది, తర్వాత నన్ననకు.

మీ పెద్ద మావయ్య
ఆమదాలవలస