పంటు మీద మాత్రం వద్దు

సఖినేటిపల్లి

చిట్టితల్లీ,

కాలేజీలో సుడోకు పోటీకి పేరిచ్చావని మీ అమ్మ చెప్పింది. వీధిలో నలుగురికీ చెప్పి వచ్చి కూర్చున్నాక దిగులు పట్టుకుంది. ఫోనులో చెబితే ఊఁ కొడుతూ వేరే పని చూసుకుంటావు, అందుకే రాస్తున్నాను.

నియమం నీకు తెలిసిందే: ప్రతి అడ్డ వరుసలో, నిలువు వరుసలో, మూడు బై మూడు గడుల చిన్న చదరంలో 1 నుంచి 9 దాకా ఒక్కోటి ఒక్కసారే. సులువైనవాటితో మొదలుపెట్టు. ఒక అంకె పట్టుకుని, ఈ చదరంలో ఇది ఎక్కడ పట్టదో చూడు, పట్టే చోటు అదే తేలుతుంది. ఒక వరుసలో రెండు గడులకు 2, 6 తప్ప వేరే దారి లేకపోతే, ఏది ఎక్కడో తెలియకపోయినా సరే, ఆ వరుసలో మిగతా గడుల నుంచి ఆ రెండూ కొట్టెయ్యి. ఇది నాకు తట్టడానికి ఏడాది పట్టింది.

ఊహించి మాత్రం వెయ్యకు. జవాబు ఒక్కటే ఉండాలంటే కనీసం 17 అంకెలు ఇచ్చి తీరాలని 2012లో ఐర్లండ్ గణితజ్ఞుడు గ్యారీ మెగ్వైర్ బృందం కంప్యూటర్ సాయంతో తేల్చింది. మొత్తం 81 గడుల్లో 64 ఖాళీగా ఉన్నా జవాబు ఒక్కటే అయినప్పుడు పాచికలు వేసే పనేముంది?

నేను వేశాను. 2006 మే నెల, నర్సాపురం నుంచి వశిష్ట గోదావరి దాటించే పంటు పడవ మీద వస్తున్నాను. చేతిలో పేపరు, పెన్ను. ఒక గడిలో 4 పడాలి, లేదా 9. రేవు దగ్గర పడుతోంది. 4 అయి ఉంటుందిలే అని వేసేశాను. తప్పుడు అంకె వెంటనే అరవదమ్మా, ఇంకో ఇరవై అంకెలను వెంటేసుకుని పెద్దమనిషిలా నడుస్తుంది. చివరి రెండు గడుల దగ్గర ఒకే వరుసలో రెండు 7లు! ఎక్కడ చెడిందో వెతుకుతూ కూర్చున్నాను. జనం దిగారు, మోటారు సైకిళ్ళు దిగాయి, నాకు తెలియలేదు. తలెత్తేసరికి ఎదురుగా మళ్ళీ నర్సాపురం.

మీ అమ్మమ్మ ఇవతలి రేవులో గొడుగు వేసుకుని నిలబడి ఉంది. ఆమె లేసు దారం నా సంచిలో ఉంది, మర్నాడు ఇవ్వాల్సిన అల్లిక సగంలో ఆగింది. దిగినవాళ్ళలో నేను లేకపోయేసరికి వశిష్టలో పడిపోయాననుకుందట. నేను తిరిగొచ్చాక ఏడవలేదు, తిట్టలేదు. సంచి అందుకుని ముందు నడిచింది. రాత్రి ఆ కాగితం చూపించమంది. “తప్పు ఎక్కడ పడింది?” అంది. ఏది లెక్కతో వేశానో, ఏది ఆ 4ను నమ్మి వేశానో నాకే గుర్తులేదు. “లేసులో తప్పు పడితే ఆ ముడి దాకా విప్పుతాం. మీరు ఏ ముడి దాకా విప్పుతారు?” అంది.

అందుకే పెన్సిలు. గడిలో అనుమానం ఉన్న అంకెలను మూలన చిన్నగా రాసుకో. ఫోనులో ఆడితే తప్పు అంకెను ఎర్రగా చూపించే సదుపాయం ఆపెయ్యి. దాని దయ మీద ఆడుతున్నావని మీ తమ్ముడు చెప్పాడు, సిగ్గులేదూ! పోటీలో కాగితం ఎర్రబడదు.

1979లో అమెరికాలో అచ్చయిన ఈ ఆటకు 1984లో జపాన్‌లో అంకెలు పెళ్ళికానివిగానే ఉండాలని అర్థం వచ్చే పొడుగాటి పేరు పెట్టారు, దాని కురచరూపమే సుడోకు. అది చెబితే మీ అమ్మమ్మ, “మరి మీరెందుకు చేసుకున్నారు?” అంది. ఆ పంటు గొడవ తర్వాత ఆమె నవ్వింది అప్పుడే.

పోటీ రోజు టిఫిను మానకు. రాత్రి పదింటికి పడుకో. శనివారం వచ్చేటప్పుడు పంటు మీద ఫోను గానీ పుస్తకం గానీ తీయకు, కడ్డీ పట్టుకుని నిలబడు. గొడుగు తీసుకుని నేను రేవులో ఉంటాను.

మీ తాతయ్య