అద్దింటి గోడకు పొగ మరకలు పడితే ఏం చేయాలి

కావలి, ఒంగోలు, కనిగిరి వైపు నుంచి కొత్తగా అమెరికా వచ్చిన పిల్లలు ఇంచుమించు అందరూ ఇదే అడుగుతున్నారు కాబట్టి విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాస్తున్నాను. పొయ్యి వెనక గోడ పసుప్పచ్చగా అయింది, దేవుడి పటాల పైన సీలింగ్ నల్లబడింది, ఖాళీ చేసే ముందు ఒక డబ్బా తెల్ల రంగు తెచ్చి కొట్టేస్తే సరిపోదా అన్నా అని. సరిపోదు. డిపాజిట్ పోగొట్టుకోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

నెల్లూరులో మనం పెరిగిన ఇళ్ల గోడలు ఇటుక, సిమెంటు. వంటిల్లు ఎంత మసిబారినా పండక్కి ముందు గీకి, సున్నమో డిస్టెంపరో కొట్టిస్తే అయిపోయేది. ఇక్కడి గోడ డ్రైవాల్, అంటే రెండు వైపులా కాగితం అంటించిన జిప్సం పలక, మందం మామూలుగా అర అంగుళం. దాని మీద అద్దె ఇళ్లలో ఎక్కువగా వేసేది మెరుపు లేని ఫ్లాట్ పెయింట్. బకెట్టు నీళ్లు, పీచు తీసుకుని గట్టిగా రుద్దారంటే మరక కంటే ముందు రంగు ఊడొస్తుంది, ఇంకా రుద్దితే లోపలి కాగితం తడిసి ఉబ్బుతుంది. అప్పుడు అది మరక కాదు, డ్యామేజీ.

మరక దేనిదో ముందు తేల్చుకోండి, ఎందుకంటే మందు మారుతుంది. పొయ్యి చుట్టూ ఉండేది పొగ, నూనె ఆవిరి కలిసిన జిడ్డు. వేలితో తాకితే అంటుకుంటుంది. దానికి గోరువెచ్చని నీళ్లలో కాస్త గిన్నెల సబ్బో, జిడ్డు తీసే స్ప్రేనో వేసి, మెత్తటి గుడ్డ బాగా పిండి, కింది నుంచి పైకి తుడవాలి. పై నుంచి మొదలుపెడితే మురికి నీళ్లు చారలుగా కారి ఎండిపోతాయి, ఆ చారలు వదిలించడం ఇంకో పని. అగరొత్తులు, కర్పూర హారతి, దీపం వల్ల పడేది పొడి మసి. దీనికి తడి అసలు తగలకూడదు, తగిలితే కాటుక పులిమినట్టు పాకుతుంది. హార్డ్‌వేర్ షాపుల్లో మసి తీసే పొడి రబ్బరు స్పాంజ్ దొరుకుతుంది, డ్రై క్లీనింగ్ స్పాంజ్ అని అడగండి, దాంతో రుద్దకుండా ఒకే వైపుకు లాగుతూ పోవాలి, ఒక ముఖం నల్లబడగానే ఇంకో ముఖం తిప్పాలి.

మూడోది సిగరెట్ పొగ. మీకంటే ముందున్నవాళ్లు తాగిపోయినది కావచ్చు. బాత్రూంలో వేడి నీళ్ల స్నానం తర్వాత గోడ మీద గోధుమరంగు చుక్కలు కారుతున్నాయంటే దీన్ని కూడా అనుమానించండి. దీనికి టీఎస్‌పీ (ట్రైసోడియం ఫాస్ఫేట్) అనే పొడి నీళ్లలో కలిపి కడుగుతారు. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. అన్నీ కలిపితే బాగా పోతుందనుకుని బ్లీచ్, అమోనియా ఉన్న క్లీనర్ ఒకే బకెట్లో పోయకండి, విషవాయువు వస్తుంది.

శుభ్రం చేశాక కూడా నీడ మిగిలితే అప్పుడు రంగు మాట. మామూలు లేటెక్స్ పెయింట్ నేరుగా వేస్తే ఆ రోజుకు తెల్లగానే ఉంటుంది, కొన్నాళ్లకు పసుపు పైకి తేలుతుంది, వాసన కూడా వస్తుంది. మధ్యలో మరకను అణిచే ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూత, ఒకటి పడాలి. వీటిలో పొగ వాసనకు బాగా పనిచేసేది లక్కతో చేసిన షెల్లాక్ ప్రైమర్, జిన్సర్ బిన్ అని దొరుకుతుంది. ముప్పావు గంటలో రెండో పూతకు సిద్ధమవుతుంది. కానీ అందులో ఉండేది ఆల్కహాల్, ఘాటు తలకెక్కుతుంది, పైగా మంట అంటుకునే సరుకు. గ్యాస్ పొయ్యి, అందులో ఎప్పుడూ వెలుగుతుండే చిన్న పైలట్ మంట ఆపి, కిటికీలన్నీ తెరిచి వేయాల్సిన పని. ఇంట్లో చంటిపిల్లలుంటే మీరు పూనుకోకండి, పెయింటర్‌కు వదిలేయండి. ఇల్లు 1978కి ముందుదైతే పాత రంగులో సీసం ఉండొచ్చు, అలాంటి గోడను గీకడం, సాండ్‌పేపర్ పెట్టడం వద్దు.

గోడ పలకే మార్చాలా అంటే, వంట పొగకు దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు. మంటకు కాగితం మాడినా, మంటలార్పే స్ప్రింక్లర్ల నీళ్లకు నాని మెత్తబడినా, వెనక చలి, వేడి ఆపే ఇన్సులేషన్‌లో పొగ వాసన చేరినా అప్పుడు కోసి కొత్త పలక వేస్తారు. అలా నిప్పు అంటుకున్న సందర్భమైతే రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దెకున్నవాళ్లు తీసుకునే బీమా) వాళ్లకు ఆ రోజే ఫోన్ చేయండి. రోజూ తాలింపు పెట్టి నెమ్మదిగా పట్టిన మరకకు వాళ్లు మామూలుగా పైసా ఇవ్వరు.

ఇక అసలు విషయం. బ్రష్ పట్టుకోకముందు లీజింగ్ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టండి, ఫోన్లో చెప్పడం లెక్కలోకి రాదు. చాలా లీజుల్లో అనుమతి లేకుండా రంగు వేయకూడదని ఉంటుంది, మీరు వేసిన తెలుపు వాళ్ల తెలుపుతో కలవదు, అప్పుడు గోడ మొత్తానికి బిల్లు వేస్తారు. మనవాళ్లకు ఓనర్‌తో మాట్లాడాలంటే ఎక్కడలేని మొహమాటం, పైగా వీసా టెన్షన్, ఏదైనా అంటే ఎక్కడ రికార్డుకెక్కుతుందో అని. మరక పడిందని చెప్పినంత మాత్రాన మీ వీసాకు ఏమీ కాదు. దిగిన రోజే ప్రతి గోడ, సీలింగ్, మైక్రోవేవ్ అడుగు భాగం ఫోటోలు తీసి మెయిల్ చేసి ఉంటే పాత సిగరెట్ మరకలు మీ నెత్తిన పడవు.

డిపాజిట్ చట్టం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో ఖాళీ చేసిన 21 రోజుల్లో దేనికెంత పట్టుకున్నారో లెక్క రాసి మిగతాది ఇవ్వాలి, టెక్సస్‌లో, న్యూజెర్సీలో 30 రోజులు. టెక్సస్‌లో మీ కొత్త అడ్రసు రాతపూర్వకంగా ఇస్తేనే ఆ బాధ్యత మొదలవుతుంది, ఇది చాలామంది మర్చిపోతారు. మామూలు వాడకం వల్ల వచ్చిన అరుగుదలకు డిపాజిట్‌లో కోయకూడదు గానీ, దట్టంగా పట్టిన జిడ్డును అరుగుదల అని వాదించి గెలవడం కష్టం. వాదించగలిగేది ఎంత డబ్బు కోశారన్న దాని మీద. ఆ రంగు ఎప్పుడు వేశారో అడగండి. ఏళ్ల కిందటి రంగుకు కొత్త పెయింట్ ఖర్చంతా మీ చేత కట్టించడం న్యాయం కాదు, ఆ మాట మెయిల్‌లో మర్యాదగా రాస్తే బిల్లు తగ్గించే ఆఫీసులు ఉన్నాయి. తగ్గించకపోతే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ఉంది, లాయర్ లేకుండానే వెళ్లొచ్చు.

ఇంకొకటి, పొయ్యి మీద మైక్రోవేవ్‌కు ఉన్న ఫ్యాన్ చాలా అపార్ట్‌మెంట్లలో పొగను బయటికి పంపదు, వడకట్టి మళ్లీ ఇంట్లోకే వదులుతుంది. దాని జాలీని నెలకోసారి వేడి నీళ్లలో సబ్బు వేసి కడగండి, లోపలి బొగ్గు ఫిల్టర్ ఆరు నెలలకోసారి మార్చమని ఆఫీసును అడగండి. అమ్మానాన్న వచ్చినప్పుడు చేపల పులుసు నిక్షేపంగా పెట్టుకోండి, దాని పొగ ఎంతని. ఎండుమిరపకాయలు వేయించి కారంపొడి కొట్టే పని మాత్రం నెల్లూరులోనే చేయించి తెప్పించుకోండి. ఘాటుకు పొగ అలారం మోగుతుందని దాని మీద ప్లాస్టిక్ కవర్ కట్టే అలవాటు కొందరికి ఉంది, అది లీజుకు విరుద్ధం, ప్రాణానికీ ప్రమాదం.